దివాన్ బంగళా ట్రస్టు: మూడేళ్ల పని డైరీ, తప్పులతో సహా

చిత్తూరు నుంచి బస్సులో గంటన్నర దూరంలో, ఒకప్పటి జమీందారీ పట్టణంలో, దివాన్ బంగళా అనే పాత ఇల్లు ఉంది. దాన్ని కాపాడటానికి పెట్టిన ట్రస్టులో నేను కోశాధికారిని. సబ్ ట్రెజరీలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు రాసి రిటైరయ్యాను కాబట్టి ఈ పని నా మెడకు చుట్టారు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. అంకెలు మాత్రం నగదు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్లే ఇస్తున్నాను. మీ ఊళ్లో పాత తహసీల్దారు బంగళానో, మునసబు ఇల్లో నిలబెట్టాలని ఎవరైనా అనుకుంటే, మేము పడిన గుంటల్లో మీరు పడకుండా ఉంటే చాలు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, కింద రాసిన పన్ను సెక్షన్ల, ఫారాల అంకెలు పాత చట్టంవి, ఒకసారి సరిచూసుకుని వాడుకోండి.

దశ 0: చేతికొచ్చింది ఇంత (ఆగస్టు 2022)

తొమ్మిది గదులు, చుట్టూ వసారా, 2,140 చదరపు అడుగుల మిద్దె. టేకు దంతెల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో కూర్చిన పాత మద్రాసు కప్పు. ముందు గది కచేరీ, అంటే ఎస్టేటు ఆఫీసు. వెనకంతా జమీందారు తరఫున ఎస్టేటు నడిపే దివాన్ కాపురం. ఉద్యోగం పోతే ఇల్లూ పోయేది. కొత్త దివాన్ ట్రంకు పెట్టె లోపలికి వస్తుంటే పాత దివాన్ పెట్టె బయటికి వెళ్లేది. కుర్చీలు, బీరువాలు, పంకాలు ఎస్టేటువి, ఎక్కడివి అక్కడే ఉండేవి.

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినప్పుడు, జమీందారు తన పాలన కోసం కచేరీగా మాత్రమే వాడుకున్న భవనాలు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. ఈ ఇంట్లో కచేరీతోపాటు కాపురం కూడా ఉండేది కాబట్టి ఇది జమీందారుకే మిగిలింది. ఆయన 1952లో చివరి దివాన్ పేర రాసిచ్చారు. ఆ దివాన్ మనవడే మా చైర్మన్. ఊళ్లో అందరూ పెద్దాయన అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఆయన, ఆయన ఇద్దరు తమ్ముళ్లు కలిసి 2022 మార్చిలో ఇంటినీ పన్నెండు లక్షల రూపాయల డిపాజిట్‌నూ ట్రస్టుకు రాసిచ్చారు. ఆ ముగ్గురు కాక ట్రస్టీలు మరో నలుగురం: ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు, ఒక లాయరు, ఒక వ్యాపారి, నేను.

పెద్దాయనకు ఇది తాతగారి ఇల్లు. నాకు చూపించిన కాగితాల్లో ఇది దివాణపు ఇల్లు, అంటే ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోయే ఎస్టేటు ఇల్లు. కింద రాసిన గొడవల్లో సగం ఇక్కడే పుట్టాయి.

మొదటి వారం నేను చేసిన పని నెల ఖర్చు కాగితం మీద పెట్టడం ఒక్కటే.

1. కాపలా మనిషి జీతం: ₹9,000
2. ఊడ్చి తుడిచే ఆమెకు: ₹2,500
3. కరెంటు, సగటున: ₹1,100

నెలకు ₹12,600, ఏడాదికి ₹1,51,200. డిపాజిట్ మీద ఆరున్నర శాతం వడ్డీ ఏడాదికి ₹78,000. ఏటా తరుగు ₹73,200. సేవింగ్స్ ఖాతాలో ఉన్నది ₹86,400. అంటే ఒక్క ఇటుక కూడా మార్చకుండా, తలుపులు తెరిచి మూయడానికే పద్నాలుగు నెలల్లో డబ్బు అయిపోతుంది. ఐదు నెలల పాటు ఏడుగురు ట్రస్టీల్లో ఎవరూ ఈ కూడిక చేయలేదు.

ఇంగ్లండులో ప్రధానమంత్రుల విడిదిగా చెకర్స్ అనే భవనాన్ని ఆర్థర్ లీ అనే ఆయన దేశానికిస్తే, 1917లో పార్లమెంటు దానికోసం ఒక చట్టమే చేసింది. 1921లో లాయిడ్ జార్జ్ కాలం నుంచి వాడుకలోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇంటితోపాటు దాన్ని పోషించే నిధి కూడా ట్రస్టు చేతికి వెళ్లింది. రాబోయే ప్రధానులందరూ ఆస్తిపరులే అవుతారన్న నమ్మకం లేదని ముందే అనుకుని రాసిన ఏర్పాటు అది. ఇల్లు ఇవ్వడం తేలిక, ఇంటికి తిండి పెట్టడమే కష్టమని వాళ్లకు వందేళ్ల కిందటే తెలుసు.

దశ 1: దస్తావేజు చదవడం (సెప్టెంబరు 2022)

ట్రస్టు దస్తావేజు పదకొండు పేజీలు. రిజిస్ట్రేషన్ అయ్యాక దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్లు మాలో ఎవరూ లేరు. మాస్టారు, నేను రెండు సాయంత్రాలు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకుంటూ పూర్తి చేశాం. దొరికిన లోపాలు:

1. చైర్మన్ పదవి కుటుంబంలోని పెద్ద కొడుకుకు జీవితాంతం, ఆ తర్వాత ఆయన పెద్ద కొడుకుకు.
2. సమావేశానికి ఎంతమంది రావాలో లేదు. అంటే కోరం అనే మాటే లేదు.
3. దస్తావేజును సవరించే అధికారం ఎవరికీ ఇవ్వలేదు.
4. ట్రస్టును వెనక్కి తీసుకోరాదన్న మాట లేదు. ట్రస్టు మూతపడితే ఆస్తి అదే లక్ష్యమున్న మరో ధర్మసంస్థకు పోవాలన్న మాట కూడా లేదు.
5. షెడ్యూలులో, అంటే చివర ఉండే ఆస్తుల పట్టికలో, స్థలం ఉంది, ఇల్లు ఉంది. ఇంట్లోని సామాను లేదు.

నాలుగోది చూసి ఆడిటరు నుదురు కొట్టుకున్నాడు. ధర్మసంస్థకు పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏబీ సెక్షన్ కింద తాత్కాలిక నమోదు మూడేళ్లకు ఆన్‌లైన్‌లో సులువుగానే వచ్చేసింది. అసలు నమోదుకు వెళ్లినప్పుడు దస్తావేజు చదువుతారు, ఈ రెండు వాక్యాలు ఎక్కడని అడుగుతారు. అవి లేక నమోదు ఆగితే దాతకు పన్ను రాయితీ తెచ్చే 80జీ రసీదు ఇవ్వలేం. ఆ రసీదు లేకపోతే చిత్తూరులో కాని, తిరుపతిలో కాని పెద్ద దాత ఎవరూ చెక్కు పుస్తకం తీయరు.

సవరణ కాగితం ఒకటి రాసుకుని ఏడుగురం సంతకాలు పెడితే సరిపోతుందనుకున్నాను. లాయరుగారు కుదరదన్నారు. ఒకసారి ధర్మానికి రాసిచ్చేశాక, దస్తావేజులో సవరణాధికారం ముందే అట్టిపెట్టుకుంటే తప్ప, రాసిచ్చినవాళ్లు కాని, ట్రస్టీలు కాని తమంతట తాము మార్చలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్లి, ట్రస్టు ఎలా నడవాలో చెప్పే పాలనా స్కీము వేయించుకోవాలి. ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు వ్యక్తులు ముందు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి.

అందుకని పనిని రెండుగా చీల్చాం. దస్తావేజు ఏమీ చెప్పని చోట (కోరం, తాళాలు, రిజిస్టర్లు, చెక్కుల మీద సంతకాలు) తీర్మానంతో నియమాలు రాసుకోవడం. దస్తావేజు ఒకటి చెప్పేసిన చోట (జీవితకాలపు చైర్మన్) కోర్టు. కొత్తగా ట్రస్టు పెట్టేవాళ్లు సవరణ అధికారాన్ని మొదటి రోజే రాసుకోండి. ట్రస్టు లక్ష్యాలను మాత్రం ఎవరూ మార్చరాదని దాని పక్కనే రాయండి.

దశ 2: సామాను లెక్క (అక్టోబరు 2022 – జనవరి 2023)

షెడ్యూలులో సామాను లేదు కాబట్టి, చట్టం దృష్టిలో ఆ కుర్చీ ట్రస్టుదా, పెద్దాయనదా అన్నది తేలని ప్రశ్న. విడిగా దానపత్రం రాయించాలి. దానికి జాబితా కావాలి. జాబితా అంటే రెండు రోజుల పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

మొదటి లెక్క, నేను, కాపలా మనిషి: 214 వస్తువులు.
రెండో లెక్క, మాస్టారు, ఆయన పాత విద్యార్థి: 197.
మూడో లెక్క, అందరం కలిసి: 231.

ఎవరూ తప్పు లెక్కపెట్టలేదు. ఏది ఒక వస్తువు అన్నది ఒప్పందం కాలేదు, అంతే. నేను గ్లోబు దీపాన్నీ దాని చిమ్నీనీ రెండుగా రాశాను. మాస్టారు భోజనాల బల్లనూ ఆరు కుర్చీలనూ ఒకటిగా రాశారు. తర్వాత పెట్టుకున్న నియమం: విడిగా మోసుకుపోగలిగితే దానికి విడి అంకె, దానితోనే పుట్టి, అది లేకపోతే పనికిరానిదైతే అదే అంకెకు అ, ఆ అని తోక. బోషాణానికీ దాని తాళంచెవికీ ఒకటే అంకె. నాలుగో లెక్క 226. ఐదో లెక్క కూడా 226 వచ్చాకే ఊపిరి పీల్చుకున్నాం.

అంకె వేయడంలో తప్పులు మరికొన్ని.

మొదటి ప్రయత్నం: మామూలు మార్కర్ పెన్నుతో బల్ల అడుగున రాశాం. రోజ్‌వుడ్ చెక్క సిరాను పీల్చుకుంది. రెండు వస్తువుల మీద అది ఇక పోదు.

రెండో ప్రయత్నం: స్టిక్కర్లు. జనవరి చలికి నిలిచాయి. నమూనాకు పెట్టిన పన్నెండు మే నెల ఎండకు పొడిబారి రాలిపోయాయి. జిగురు మాత్రం మిగిలి దుమ్ము పట్టుకుంది. అదృష్టం కొద్దీ అప్పటికి మిగతావన్నీ వేరే పద్ధతిలో చేసేశాం.

పనిచేసిన పద్ధతి ఇది:

1. కంటికి కనబడని, చెయ్యి తగలని చోటు ఎంచుకోవాలి. కుర్చీకి వెనక కాలు లోపలి వైపు.
2. అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురును వేలెడంత మేర సన్నటి పొరగా పూయాలి. అదే అసిటోన్‌తో తర్వాత ఎప్పుడైనా తీసేయవచ్చు.
3. ఆరాక సన్న కలంతో నల్ల సిరా అంకె. 2022.041 లాగా, వచ్చిన సంవత్సరం, చుక్క, వరుస సంఖ్య.
4. దాని మీద మరో పొర.
5. బట్టలకు ఇదేమీ వద్దు. నూలు నాడా మీద అంకె రాసి రెండు కుట్లు వేయాలి.
6. రెండు ఫొటోలు: మొత్తం ఒకటి, అంకె కనబడేలా ఒకటి.

ఒక్కో వస్తువుకు సగటున తొమ్మిది నిమిషాలు. 226 వస్తువులకు దాదాపు 34 గంటల చేతిపని. కుటుంబం దగ్గర 1986లో ఎవరో రాసిన జాబితా దొరికింది. దానిలో ఉండి మా దానిలో లేనివి పదకొండు. అవి ఎక్కడున్నాయని అడిగే ధైర్యం ఆ రోజు నాకు లేదు. ‘కనబడనివి’ అన్న శీర్షిక కింద అలాగే ఎక్కించాను.

దానపత్రంలో అమ్మరాదు, ఇవ్వరాదు అన్న షరతు పెట్టమన్నప్పుడు పెద్దాయన తమ్ముడు ఒకరు, ‘ఇంత అనుమానమా?’ అని నొచ్చుకున్నారు. ఆయనకు అమెరికా సంగతి చెప్పాను. అక్కడి అధ్యక్ష భవనంలో ఏ అధ్యక్షుడికి నచ్చనిది ఆయన తీసేసేవాడు. 1882లో చెస్టర్ ఆర్థర్ ఇరవై నాలుగు బండ్ల సామాను వేలం వేయించాడు. చివరికి 1961లో చట్టం చేసి, వైట్‌హౌస్‌లోని చారిత్రక సామాను అమ్మడానికి వీల్లేదని, వాడకంలో లేనివి స్మిత్సోనియన్ సంస్థకు పంపాలని కట్టడి చేశారు. ‘మీ మీద కాదు సార్ అనుమానం, ముప్పై ఏళ్ల తర్వాత నా కుర్చీలో కూర్చునే కోశాధికారి మీద’ అన్నాను. ఆయన నవ్వలేదు కాని, ఒప్పుకున్నారు. దానపత్రం 2023 జూన్‌లో రిజిస్టరైంది.

మార్చి 2023 ఆఖరుకు మొత్తాలు

తొలి నిల్వ: ₹86,400
మూడు త్రైమాసికాల వడ్డీ: ₹58,500
ఎనిమిది నెలల నిర్వహణ: ₹1,00,800
జాబితా ఖర్చు: ₹6,300 (ఫొటోలకు 4,000, జిగురు, అసిటోన్, సిరా, కుంచెలు, నాడాకు 2,300)
నిల్వ: ₹37,800
సమావేశాలు: 5. కోరం కుదిరినవి: 3.

ఆ ₹4,000 గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి రావాలి.

దశ 3: ఎనిమిది కుర్చీలు (ఫిబ్రవరి 2023)

ఊళ్లో ఒక పెద్ద సభ జరిగింది. వేదిక మీద ‘పాతకాలపు అందం’ కావాలని నిర్వాహకులు పెద్దాయనకు ఫోను చేశారు. ఆయన కాపలా మనిషికి ఫోను చేశారు. 2022.041 నుంచి 048 దాకా ఎనిమిది పేము కుర్చీలు ట్రాక్టరులో వెళ్లాయి. ఏడు తిరిగొచ్చాయి. వాటిలో ఒకదానికి పేము తెగి, అరచేయి పట్టేంత కంత.

కాపలా మనిషిని నేను అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు ఇవి.

‘ఎవరు ఇవ్వమన్నారు?’ ‘పెద్దాయన.’
‘ఎవరికి ఇచ్చావు?’ ‘ట్రాక్టరు తోలేవాడికి.’
‘ఎన్ని అని రాయించుకున్నావా?’ ‘మనవాళ్లే కదమ్మా!’

జాబితాకు నాలుగు నెలలు తగలేశానని నన్ను ఎగతాళి చేసినవాళ్లకు ఇక్కడ ఒక మాట. పోయింది 2022.046 అని మాకు తెలుసు, దాని ఫొటో ఉంది, కుడి చేతి మీద పాత కత్తిగాటు ఉందని రాసి ఉంది. అది దొరకలేదు. అయినా ‘మీ దగ్గర ఏడే ఉండేవేమో’ అని ఎవరూ అనలేకపోయారు.

పెద్దాయనతో మాట్లాడటం కష్టమైంది. ఆయన మనసులో కల్మషం లేదు. ‘మా తాతగారి కాలం నుంచి ఊళ్లో ఏ పెళ్లికైనా ఈ కుర్చీలు వెళ్లేవి అమ్మా’ అన్నారు. నిజమే. దివాన్ బంగళా కుర్చీ వేయని పెళ్లి పెళ్లి కాదట. అడగ్గానే ఇవ్వడం ఆ ఇంటి మర్యాద. ఆ మర్యాద ప్రకారం చూస్తే, 1986 జాబితాలో ఉండి తర్వాత కనబడకుండా పోయిన పదకొండూ ఎలా వెళ్లాయో కూడా అర్థమైంది.

పెట్టిన నియమాలు:

1. జాబితాలోని ఏ వస్తువూ గేటు దాటరాదు. మరమ్మతుకైనా, మ్యూజియం ప్రదర్శనకైనా తీర్మానం కావాలి.
2. బయటికి వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ రెండు సంతకాలు, రెండు ఫొటోలు.
3. సభలకూ పెళ్లిళ్లకూ అడిగితే ఇవ్వడానికి ట్రస్టు తరఫున ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు. ఇవి ఒక దాత ఇచ్చారు, మాకు ఖర్చు లేదు.

మూడోది రాసింది మాస్టారు. మొదటి రెండూ పనిచేస్తున్నాయంటే మూడోది ఉండబట్టే. లేదని పంపేస్తే ఊరు మర్చిపోదు. వేరేది చేతిలో పెట్టి పంపితే సగం కోపమే.

దశ 4: కప్పు (మే 2023 – డిసెంబరు 2024)

ఇది అన్నిటికంటే పెద్ద తప్పు. ఖరీదైనది కూడా.

2023 వేసవిలో చందాలు వేశాం. 163 మంది, ₹4,20,000. రెండు వేలు దాటిన నగదుకు 80జీ వర్తించదు కాబట్టి పెద్ద మొత్తాలన్నీ బ్యాంకు ద్వారానే తీసుకున్నాం. దాతల వివరాలు అప్పట్లో 10బీడీ ఫారంలో మే 31 లోపు దాఖలు చేయాల్సి ఉండేది, అప్పుడే వాళ్లకు పత్రాలు వచ్చేవి. దీనికోసం మొదటి రోజు నుంచే పాన్ అంకె అడిగి రాసుకోండి. తర్వాత 163 మందికి ఫోన్లు చేయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కప్పు నాలుగు చోట్ల కారుతోంది. మే 21న సమావేశం. వచ్చింది నలుగురం. మా వ్యాపారి ట్రస్టీ తన తమ్ముడి అల్లుడు కాంట్రాక్టరని, సిమెంటు పూత మీద నీరు దిగని మందు కలిపి వేస్తాడని, ₹2,85,000 అవుతుందని చెప్పారు. అందులో దాచిందేమీ లేదు. అందరికీ తెలిసిన కుర్రాడు, మంచి పనిమంతుడు, ఊళ్లో సగం ఇళ్ల కప్పులు అతనివే. పది నిమిషాల్లో తీర్మానం. మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా’ అని నా చేతిరాతే ఉంది. చెక్కు మీదా నా సంతకమే.

జూన్‌లో పని అయిపోయింది. చూడటానికి అద్దంలా ఉంది.

డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వచ్చింది. తెల్లారి తలుపు తీస్తే పదకొండు చోట్ల కారుతోంది.

పాత ఇళ్ల పని తెలిసిన ఒక వృద్ధ మేస్త్రీని పిలిపించాం. ఆయన కర్రతో కప్పంతా తట్టుకుంటూ నడిచారు. డొల్ల మోత వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీశారు. ఒక అడుగు చదరం మేర తవ్వి చూస్తే:

పైన సిమెంటు పొర మందం: 40 మిల్లీమీటర్లు
పిట్టగోడకూ ఆ పొరకూ మధ్య చీలిక: 3 మిల్లీమీటర్లు
కింద సున్నపు కంకర: పిడికిట్లో నొక్కితే తడి
46 దంతెల్లో గోడలోకి దిగే చివర మెత్తబడినవి: 2. స్క్రూడ్రైవరు 18 మిల్లీమీటర్లు దిగింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. సున్నం తడిని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సిమెంటు అలా వదలదు. మన ఎండకు ఆ రెండు పొరలూ ఒకేలా సాగవు, అందుకే అంచుల్లో విడిపోతుంది. ఆ సందులోంచి నీళ్లు లోపలికి పోతాయి, పైనుంచి బయటికి రాలేవు. ఇక పోయేందుకు మిగిలింది కిందికే, దంతెల్లోకి. ‘గొడుగు వేశామనుకుని ఇంటికి మూత పెట్టారు’ అన్నారు.

డిసెంబరు 2023 ఆఖరుకు మొత్తాలు

పాత నిల్వ ₹37,800
వడ్డీ ₹58,500, చందాలు ₹4,20,000
తొమ్మిది నెలల నిర్వహణ ₹1,13,400
దానపత్రం, కోర్టు, లాయరు గుమాస్తా ఖర్చులు ₹41,000
కప్పు ₹2,85,000
నిల్వ: ₹76,900
కారే చోట్లు: పని ముందు 4, పని తర్వాత 11.

మరమ్మతుకే మరమ్మతు, 2024 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా:

1. సిమెంటును సుత్తి, ఉలితోనే తీయాలి. మిషను పెడితే అదురుకు కింది ఇటుకలు కదులుతాయి. 19 రోజులు, ₹64,000.
2. మూడు వారాలు ఎండకు వదిలేయడం. అందరూ ఓపిక పోగొట్టుకున్నది ఇక్కడే.
3. రెండు దంతెల చివరలు కోసి పాత టేకు అతకడం, ₹38,000.
4. గుంటలో నానిన సున్నం, ఇటుక కంకర, కరక్కాయ, బెల్లం నీళ్లు. చెక్క దిమ్మిసలతో కొట్టి, పైన పలక పెంకులు. ₹2,36,000.

మొత్తం ₹3,38,000. రెండోసారి చందాలకు వెళితే 163 మందిలో 58 మందే తలుపు తీశారు. వాళ్లూ, కొత్తవాళ్లు కొందరూ కలిపి ₹3,10,000 ఇచ్చారు. ఒకాయన నేను అడగకముందే, ‘పోయినసారి నా డబ్బు కారిపోయింది కదా’ అన్నారు. ఆయనా ఇచ్చారనుకోండి.

సిమెంటు ఖర్చు, దాన్ని తీసిన ఖర్చు, అది పాడుచేసిన చెక్క ఖర్చు కలిపితే ₹3,87,000. మొదటే సున్నం వేసి ఉంటే ₹2,36,000. తేడా మేస్త్రీ పనితనంలో లేదు. ఆ నలుగురిలో పాత కప్పు గురించి తెలిసినవాళ్లు లేరు, అడిగినవాళ్లు లేరు, రెండో కొటేషను లేదు, బంధుత్వం మొహమాటంలో ‘ఆగండి’ అనే నోరు ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

వ్యాపారి ట్రస్టీ ₹60,000 తెచ్చి బల్ల మీద పెట్టారు. ‘విరాళంగా రాసుకోండమ్మా’ అన్నారు. విరాళంగా రాస్తే పన్ను రాయితీ రసీదు ఇవ్వాలి. ‘అన్నా, ఇది విరాళం కాదు, వాపసు’ అని అలాగే రాశాను. ఆయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు. సమావేశాలకు మాత్రం వచ్చారు, కోరం అందుకే కుదిరింది.

2024 డిసెంబరు వానలకు కారిన చోట్లు: 1. అది నీటి గొట్టం దూరిన కంత దగ్గర.

దశ 5: మొహమాటం రిజిస్టరు

అసలు పేరు ‘స్వప్రయోజన ప్రకటనల రిజిస్టరు’. ఆ పేరు ఎవరి నోటా పలకదు. మాస్టారు పెట్టిన పేరే స్థిరపడింది.

1. ట్రస్టీకి కాని, బంధువుకు కాని డబ్బు అందే ఏ పనైనా అజెండాలోకి రాకముందే ఆ ట్రస్టీ రిజిస్టరులో రాయాలి.
2. ఆ చర్చ జరిగేటప్పుడు గది బయట కూర్చోవాలి. బయటికెళ్లిన సమయం, లోపలికొచ్చిన సమయం మినిట్స్‌లో ఎక్కాలి.
3. ఇరవై ఐదు వేలు దాటితే మూడు కొటేషన్లు. పని వివరం రాసే మనిషి కొటేషను ఇవ్వరాదు.
4. బిల్లులో పది శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపాలి.

పాత పన్ను చట్టం 13వ సెక్షన్ ట్రస్టీలకూ వాళ్ల బంధువులకూ ట్రస్టు డబ్బుతో లాభం కలిగితే మినహాయింపునే దెబ్బతీసేది. అందులో బంధువు అన్న మాటకు నిర్వచనం చదువుతుంటే ‘సోదరుడి సంతానం’ దగ్గర నా కన్ను ఆగింది. జాబితా ఫొటోలు తీసి ₹4,000 తీసుకున్నవాడు మా తమ్ముడి కొడుకు. బజారు ధర కంటే తక్కువకే తీశాడు, తప్పేమీ లేదు. అయినా ఆ రోజు నేనెవరికీ చెప్పలేదు, చెప్పాలని తోచనే లేదు. వ్యాపారి ట్రస్టీని బోనులో నిలబెట్టినట్టు చూసిన నెలల్లోనూ తోచలేదు. రిజిస్టరులో మొదటి పేజీ, మొదటి వరుస నాదే. వాడి చేత ₹4,000 తిరిగి కట్టించాలా అని అడిగాను. పనికి తగిన ధరేనని, అక్కర్లేదని, నన్ను వసారాలో కూర్చోబెట్టి తీర్మానించారు. పదకొండు నిమిషాలు పట్టింది. చాలా పొడుగ్గా అనిపించింది.

దశ 6: కోర్టు స్కీము (సెప్టెంబరు 2023 – జనవరి 2025)

వాదులుగా మాస్టారు, బంగళా వెనక వీధిలో ఉండే ఒకావిడ. ప్రతివాదులు మిగతా ట్రస్టీలం. తగాదా లేని దావా. పాలనకు కోర్టు మార్గదర్శనం కావాలని మాత్రమే అడిగాం. అయినా నోటీసు అందిన రోజు పెద్దాయన నన్ను పిలిపించారు.

‘నా మీద కేసు వేస్తారా అమ్మా?’

‘మీ మీద కాదు సార్, కాగితం మీద.’

‘నేను పోయాక మార్చుకోండి. ఎన్నాళ్లు ఉంటాను?’

‘మీరు పోయాక మారిస్తే మిమ్మల్ని కాదని మార్చినట్టు ఉంటుంది. మీరుండగా మారిస్తే మీరు మార్చినట్టు ఉంటుంది.’

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ల తాతగారి ముందు ఎంతమంది దివాన్లు ఆ ఇంట్లో ఉన్నారో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. ఆయనకూ తెలియదు. కచేరీ గదిలోని పాత మరమ్మతు లెక్కలు తీసి, సంతకాలు చూసుకుంటూ ఆ సాయంత్రమంతా గడిపాం. ఆరు వేర్వేరు సంతకాలు దొరికాయి. తాతగారిది ఆరోది. మర్నాడు ఆయనే లాయరుగారికి ఫోను చేసి, అభ్యంతరం లేదని రాసిమ్మన్నారు.

పదహారు నెలలు, తొమ్మిది వాయిదాలు. వచ్చిన స్కీములో ముఖ్యమైనవి:

1. ట్రస్టీలు ఏడుగురు. పదవీకాలం నాలుగేళ్లు, వరుసగా రెండుసార్లకు మించరాదు.
2. కుటుంబానికి ఒక స్థానం ఎప్పటికీ ఉంటుంది. చైర్మన్‌ను ట్రస్టీలు ఎన్నుకుంటారు.
3. కోరం నలుగురు. వాళ్లలో ఇద్దరైనా కుటుంబం బయటివాళ్లు కావాలి.
4. ట్రస్టును వెనక్కి తీసుకోరాదు. మూతపడితే ఆస్తి అదే లక్ష్యమున్న ధర్మసంస్థకే వెళ్లాలి.
5. ఏటా లెక్కల పత్రం తెలుగులో గేటు దగ్గర పలక మీద అంటించాలి.

ఐదోది మేము అడగలేదు, న్యాయమూర్తిగారు చేర్చారు. ఇప్పుడు దాన్ని అందరికంటే శ్రద్ధగా చదివేది టీ కొట్టు అబ్బాయి. కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందని మొన్న అడిగాడు. కాపలా మనిషి సెల్లుఫోన్లు ఛార్జింగుకు పెట్టుకోనిస్తున్నాడని అలా తెలిసింది.

మార్చి 2025 ఆఖరుకు మొత్తాలు

పాత నిల్వ ₹76,900
వడ్డీ, ఐదు త్రైమాసికాలు ₹97,500
చందాలు ₹3,10,000, వాపసు ₹60,000, ఆదివారం సందర్శకుల హుండీ ₹47,260
పదిహేను నెలల నిర్వహణ ₹1,89,000, కప్పు ₹3,38,000, కోర్టు ₹22,000
నిల్వ: ₹42,660
సమావేశాలు మొత్తం 19. కోరం కుదరనివి 6, అన్నీ 2024 జనవరికి ముందువే.
జాబితా: 226. ఉన్నవి 225.

హుండీ వచ్చినా నిర్వహణ తరుగు ఇంకా పూడలేదు. డిపాజిట్‌ను ఇరవై నాలుగు లక్షలకు చేర్చాలన్నది తర్వాతి పని. మూలధన విరాళమైతే, అంటే ఖర్చు పెట్టకుండా డిపాజిట్‌లోనే ఉంచాల్సినదైతే, దాత నుంచి ఆ మాట రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ కాగితం నమూనా సిద్ధం చేశాను, దాతలే ఇంకా సిద్ధం కాలేదు.

ఏప్రిల్ 2025: తాళాలు

ముందు తలుపుకు మూడు తాళంచెవులు ఉన్నాయని మినిట్స్‌లో ఉంది. పోగుచేస్తే ఐదు తేలాయి. ఒకటి పూలు తెచ్చే ఆమె దగ్గర, ఒకటి ఎవరి కొడుకు దగ్గరో. ఆరోది కూడా ఉందని కాపలా మనిషి అన్నాడు, దొరకలేదు. తాళమే మార్చేశాం, ₹1,850. నిల్వ ₹40,810. కొత్త చెవులు రెండే. ఒకటి కాపలా మనిషికి, ఒకటి కచేరీ గదిలోని పెట్టెలో. కావలసినవాళ్లు రిజిస్టరులో రాసి తీసుకోవాలి.

ఎన్నికల్లో చైర్మన్‌గా మాస్టారు వచ్చారు. పెద్దాయన కుటుంబ స్థానంలో ట్రస్టీగా ఉన్నారు. మొన్న శుక్రవారం తాతగారి తిథి అని, దీపం పెట్టుకోవడానికి వచ్చారు. రిజిస్టరు తెరిచి, కళ్లజోడు సవరించుకుని, పేరు రాసి సంతకం చేశారు. తీసుకున్న సమయం గడి ఖాళీగా వదిలేశారు. గుర్తు చేశాను. ‘ఆరుంపావు’ అని రాసి చెవి తీసుకున్నారు.